ఆర్థికశాస్త్ర అధ్యాపకుల పరిశోధనను, సైటేషన్లను లెక్కకట్టడం ఎలా: జాబితా నుంచి నివేదిక దాకా

ప్రమోషన్ ఫైళ్ల కాలం వచ్చిందంటే ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది: "స్కాలర్‌లో నా హెచ్-ఇండెక్స్ 9 చూపిస్తోంది, స్కోపస్‌లో 4 ఉంది. ఏది రాయమంటారు?" సైటేషన్ అంటే మీ పేపరును మరో రచన ఉదహరించడం. హెచ్-ఇండెక్స్ 9 అంటే కనీసం 9 సైటేషన్ల చొప్పున ఉన్న పేపర్లు 9 ఉన్నాయని. గూగుల్ స్కాలర్, స్కోపస్ ఆ సైటేషన్లను లెక్కపెట్టే డేటాబేసులు. అడిగినవారికి నా జవాబు: రెండూ రాయండి. ఎక్కడి నుంచి, ఏ తేదీన తీసుకున్నారో పక్కనే రాయండి. కానీ అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ అంకె వెనకున్న పేపర్ల జాబితా శుభ్రంగా ఉందో లేదో చూసుకోవాలి. మొత్తం పనిలో ముప్పాతిక వంతు అదే. లెక్క కట్టడానికి అరగంట చాలు.

సొంత ఫైలు తయారుచేసుకునే అధ్యాపకులకూ, వేరొకరి పరిశోధనను అంచనా వేయాల్సిన కమిటీ సభ్యులకూ పనికొచ్చేలా ఇది రాస్తున్నాను. వైద్యం, ఫిజిక్స్ వాళ్ల పద్ధతి ఇక్కడ ఉన్నదున్నట్టు పనికిరాదు. ఆర్థికశాస్త్రంలో వర్కింగ్ పేపర్లు (జర్నల్‌లో అచ్చు కాకముందు పంచుకునే ముసాయిదాలు) ఏళ్ల తరబడి చేతులు మారుతుంటాయి, రచయితల పేర్లు చాలావరకు అక్షరక్రమంలో ఉంటాయి, సైటేషన్లు నెమ్మదిగా వస్తాయి. ఈ మూడింటినీ మనసులో పెట్టుకుని చదవండి.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఎందుకోసం కొలుస్తున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి. ప్రమోషన్ కోసమైతే నిబంధనలో ఏం అడిగారో అదే ముందు. ఎంపిక కమిటీ కోసమైతే అభ్యర్థులందరికీ ఒకే కొలత వాడాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- పూర్తి సీవీ. పేపర్లు, పుస్తకాలు, పుస్తకాల్లో అధ్యాయాలు, ప్రభుత్వ కమిటీ నివేదికలు విడివిడిగా
- ప్రతి పేపరుకూ డీఓఐ నంబరు (పేపరును ఆన్‌లైన్‌లో గుర్తించే శాశ్వత సంఖ్య), లేకపోతే పేపరు లింకు
- 16 అంకెల ఆర్కిడ్ నంబరు (ఒక్కో పరిశోధకుడికి ఉండే గుర్తింపు సంఖ్య)
- గూగుల్ స్కాలర్ ప్రొఫైల్, రెపెక్ (ఆర్థికశాస్త్ర పేపర్ల డేటాబేసు) ఖాతా
- స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ (రెండూ చందాతో నడిచే సైటేషన్ డేటాబేసులు) చూసే వీలు. యూనివర్సిటీ లైబ్రరీలో అడగండి. స్కోపస్‌లో రచయిత ప్రొఫైల్ వరకు చందా లేకపోయినా కనిపిస్తుంది
- ఇప్పుడు అమల్లో ఉన్న నిబంధనల కాపీ. పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లు నోటితో చెప్పింది కాదు
- ఖాళీ ఎక్సెల్ షీటు

2. పేరు దగ్గరే మొదటి చిక్కు

తెలుగువాళ్లకు ఇది అందరికన్నా ఎక్కువ. మన ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలాసార్లు పొడి అక్షరంగానే. డేటాబేసులేమో చివరి మాటే ఇంటిపేరు అనుకుంటాయి. వ్యవసాయ ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు గారి పేరే తీసుకోండి. "రావు, సి. హెచ్. హెచ్.", "హనుమంతరావు, సి. హెచ్.", "రావు, హనుమంత" అని ఎన్ని రకాలుగానైనా పడొచ్చు. ఒక్క మనిషి ముగ్గురైపోతాడు. "రావు", "రెడ్డి" అని ముగిసే పేర్లలో ఇంకో ప్రమాదం ఉంది: ముగ్గురు మనుషులు ఒక్కరైపోతారు.

ఒకసారి నేను సరిచూసిన ఫైలులో 412 సైటేషన్లు రాసి ఉన్నాయి. ప్రొఫైల్ తెరిచి కిందికి జరుపుతుంటే వరిలో కాండం తొలిచే పురుగు గురించిన పేపరొకటి కనిపించింది. అదే పేరు, అవే పొడి అక్షరాలున్న వ్యవసాయ శాస్త్రవేత్తది. అలాంటివి 11 ఉన్నాయి. అవి తీసేశాక మిగిలినవి 170. ఆ అధ్యాపకురాలి తప్పు ఇసుమంతైనా లేదు. ప్రొఫైల్‌లో పేపర్లు వాటంతటవే చేరే సెట్టింగ్ పెట్టి ఉంది, ఆమె దాని జోలికే వెళ్లలేదు. ఇంటర్వ్యూలో ఎవరో ఆ పేజీ తెరిచి చూపించి ఉంటే ఆవిడ పరిస్థితి ఏమిటా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

చేయాల్సింది ఈ వరుసలో:

1. మీ పేరు ఇప్పటిదాకా ఎన్ని రకాలుగా అచ్చయిందో పాత పేపర్లు తీసి రాసుకోండి. పెళ్లికి ముందు ఇంటిపేరు, విదేశాల్లో ఉన్నప్పుడు పాస్‌పోర్టు ప్రకారం రాసిన పేరు కూడా.
2. రెపెక్ రచయితల సేవలో "పేరు రకాలు" రాసే చోటు ఉంది. అవన్నీ అక్కడ నింపండి. ఆ తర్వాత అది చూపించే పేపర్లలో మీవి "నావే" అని, కానివి "నావి కావు" అని ఒక్కొక్కటిగా చెప్పండి.
3. స్కోపస్‌లో మీ పేరుతో రెండు మూడు ప్రొఫైళ్లు ఉంటే కలపమని అక్కడే అర్జీ పెట్టే వీలుంది.
4. స్కాలర్‌లో కొత్త పేపర్లు వాటంతటవే చేరకుండా, ముందు మిమ్మల్ని అడిగేలా సెట్టింగ్ మార్చండి.
5. ఇకముందు రాసే ప్రతి పేపరుకూ ఒకటే పేరు, ఒకటే ఆర్కిడ్.

కమిటీలో ఉన్నవారు పేరుతో వెతికి వచ్చిన అంకెను నేరుగా వాడకండి. అభ్యర్థి సీవీతో పోల్చాకే వాడండి.

3. పేపరుకు ఒక వరుస

షీటులో ఈ గడులు చాలు: పేపరు పేరు, వర్కింగ్ పేపరుగా మొదట వచ్చిన ఏడాది, జర్నల్‌లో వచ్చిన ఏడాది, జర్నల్ పేరు, రచయితల సంఖ్య, జెఈఎల్ కోడ్ (ఆర్థికశాస్త్రంలో పేపరు ఏ విభాగానిదో తెలిపే గుర్తు), ఇతర రూపాలు (అదే పేపరు వేరే చోట్ల ఉన్నవి), మూడు చోట్ల సైటేషన్లు, చూసిన తేదీ.

ఏడాదికి రెండు గడులు ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. హైదరాబాద్ బస్తీల్లో సూక్ష్మరుణాల మీద ఆర్థికవేత్తలు బెనర్జీ, డఫ్లో, గ్లెన్నర్‌స్టర్, కినన్ చేసిన అధ్యయనం గుర్తుందా? 104 బస్తీల్లో సగం వాటిని లాటరీ పద్ధతిలో ఎంచి, అక్కడ మాత్రమే ముందుగా సూక్ష్మరుణ సంస్థ బ్రాంచీలు తెరిపించారు. ఆ పేపరు ముసాయిదా 2009 నుంచే అందరి చేతుల్లో ఉంది. అమెరికా పరిశోధన సంస్థ ఎన్‌బీఈఆర్ వర్కింగ్ పేపరుగా 2013లో, అమెరికన్ ఎకనామిక్ జర్నల్: అప్లైడ్ ఎకనామిక్స్‌లో 2015లో వచ్చింది. అంటే జర్నల్‌లో అచ్చు కాకముందే ఏళ్ల తరబడి సైటేషన్లు పోగయ్యాయి. "2015 పేపరు" అని ఒక్క ముక్క రాసి ఏడాదికి సగటున ఎన్ని సైటేషన్లో లెక్కవేస్తే తప్పుడు అంకె వస్తుంది. సగటు కట్టేటప్పుడు మొదట బయటికొచ్చిన ఏడాదినే లెక్కలోకి తీసుకోండి.

4. ఒకే పేపరు రూపాలన్నీ కలపడం

ఈ అడుగే ఎక్కువమంది దాటేస్తారు. ఆర్థికశాస్త్రంలో ఒకే పేపరు యూనివర్సిటీ వర్కింగ్ పేపరుగా, ఎస్ఎస్ఆర్ఎన్ అనే పేపర్ల సైటులో, ఎన్‌బీఈఆర్, ఐజడ్‌ఏ వంటి పరిశోధన సంస్థల దగ్గర, చివరికి జర్నల్‌లో, ఇలా నాలుగు చోట్ల ఉంటుంది. మధ్యలో శీర్షిక కూడా మారొచ్చు.

కలిపితే అంకె పెరుగుతుందనే అందరూ అనుకుంటారు. ప్రతిసారీ అలా జరగదు. ఇదిగో లెక్క కోసం అల్లిన ఒక ఉదాహరణ. ఒకరికి 10 పేపర్లున్నాయి. అందులో ఒకటి స్కాలర్‌లో రెండు ముక్కలై, వర్కింగ్ పేపరుకు 19, జర్నల్ పేపరుకు 15 సైటేషన్లు చూపిస్తోంది.

కలపకముందు, పెద్దది నుంచి చిన్నదానికి: 61, 22, 19, 15, 15, 9, 7, 6, 3, 1, 0

కలిపాక: 61, 34, 22, 15, 9, 7, 6, 3, 1, 0

హెచ్-ఇండెక్స్ కోసం ఎడమ నుంచి లెక్కపెడుతూ వెళ్లండి. వరుస సంఖ్య కన్నా సైటేషన్లు తక్కువయ్యే చోట ఆగి, దాని ముందు సంఖ్య రాయాలి. కలపకముందు ఏడో పేపరుకు 7 ఉన్నాయి, ఎనిమిదోదానికి 6. కాబట్టి 7. కలిపాక ఆరోదానికి 7, ఏడోదానికి 6. కాబట్టి 6. మొత్తం రెండింటిలోనూ 158 సైటేషన్లే, అయినా హెచ్-ఇండెక్స్ ఒకటి తగ్గింది. పది లేదా అంతకన్నా ఎక్కువ సైటేషన్లున్న పేపర్లు లెక్కపెట్టే ఐ10 కూడా 5 నుంచి 4కు దిగింది.

తగ్గినా కలపాల్సిందే. ముక్కలుగా వదిలేసిన 7 కన్నా, ఎవరు తిరగేసినా నిలబడే 6 మేలు.

కలిపే పద్ధతి:

- స్కాలర్‌లో ఆ రెండు వరుసలకూ టిక్ పెట్టి "మెర్జ్" నొక్కండి. జర్నల్ రూపాన్నే ప్రధానంగా ఉంచండి.
- రెపెక్‌లో శీర్షిక ఒకటే అయి, రెండూ మీవని చెప్పి ఉంటే అదే కలుపుకుంటుంది. శీర్షిక మారినట్టయితే రెండూ ఒకటేనని తెలిపే ఫారం నింపాలి.
- శీర్షిక ఒకటే అయినా డేటా, ప్రశ్న వేరైతే అవి రెండు పేపర్లు. కలపకండి.

5. మూడు చోట్ల చూడండి, ఒక్క రోజే చూడండి

గూగుల్ స్కాలర్ అన్నిటికన్నా ఎక్కువ చూపిస్తుంది. పుస్తకాలు, థీసిస్‌లు, వర్కింగ్ పేపర్లు అన్నీ పడతాయి. చెత్త కూడా పడుతుంది.

రెపెక్ ఆర్థికశాస్త్రానికే పుట్టింది, 1997 నుంచి నడుస్తోంది. ఐడియాస్, ఎకన్‌పేపర్స్ అనే రెండు సైట్లలో కనిపిస్తుంది. సైటేషన్ల లెక్క సైట్‌ఈసీ అనే విభాగం చూస్తుంది. రెపెక్‌లో ఉన్నవాటి మధ్య సైటేషన్లే లెక్కకొస్తాయి, అందులోనూ రెఫరెన్సులు చదవగలిగినవే. కాబట్టి అంకె తక్కువగానే ఉంటుంది, కంగారు పడకండి. ఆర్థికవేత్తల మధ్య పోలికకు నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ ఎంచిన జర్నళ్లనే తీసుకుంటాయి. పుస్తకాలు, ప్రాంతీయ జర్నళ్లు చాలా తప్పిపోతాయి. జీవితమంతా తెలంగాణ భూసంబంధాల మీద పుస్తకాలు రాసినవారి విలువ ఈ రెండింటిలో దాదాపు కనిపించదు. అలాంటివారికి స్కాలర్ అంకె తప్పనిసరిగా జోడించాలి.

చందాలు లేనివారికి ఓపెన్‌అలెక్స్ ఉచితం. ఆన్-విల్ హార్జింగ్ తయారుచేసిన పబ్లిష్ ఆర్ పెరిష్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే, లెక్కలన్నీ తనే కట్టిపెడుతుంది. ఏది వాడినా ఆ రోజు స్క్రీన్‌షాట్ తీసి దాచండి. స్కాలర్ అంకెలు పెరగడమే కాదు, తగ్గుతాయి కూడా.

6. ఏ లెక్కలు కట్టాలి

నాలుగు సరిపోతాయి.

మొత్తం సైటేషన్లు, సొంతవి తీసేసి. సహరచయితలు తమ పేపర్లలో ఇచ్చుకున్నవి కూడా సొంతవే. పై ఉదాహరణలో 158లో 21 సొంతవి అనుకుంటే 137 అని, తీసేసినవి 13 శాతం అని రాయండి. సొంత సైటేషన్ నేరమేమీ కాదు, ఒకే అంశం మీద ఏళ్లుగా పనిచేసేవారికి సహజం. దాచడమే తప్పు.

హెచ్-ఇండెక్స్. భౌతికశాస్త్రవేత్త హిర్ష్ 2005లో ప్రతిపాదించారు. దాన్ని మొదటి పేపరు నుంచి గడిచిన ఏళ్లతో భాగిస్తే వయసు తేడా కొంత సర్దుకుంటుంది. 12 ఏళ్లకు 6 అంటే 0.5. ప్రసూతి సెలవు, దీర్ఘ అనారోగ్యం ఉంటే ఆ ఏళ్లు తీసేసి భాగించండి.

యూక్లిడియన్ సూచీ. పెర్రీ, రెనీ అనే ఆర్థికవేత్తలు 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ప్రతిపాదించారు. ప్రతి పేపరు సైటేషన్లనూ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీయాలి. పై ఉదాహరణలో కలపకముందు 72, కలిపాక 76. చూశారా, సరిగ్గా కలిపినందుకు హెచ్-ఇండెక్స్ తగ్గించింది, ఇది పెంచింది. ఒకటి రెండు పెద్ద పేపర్లే పేరు తెచ్చే ఆర్థికశాస్త్రానికి ఇది బాగా అతుకుతుంది. కమిటీ అడగకపోయినా ఒక వరుసలో రాయండి.

వాటా ప్రకారం పేపర్లు. ఒంటరిగా రాస్తే 1, ఇద్దరైతే అర, ముగ్గురైతే మూడో వంతు. 10 పేపర్లలో 3 ఒంటరివి, 4 ఇద్దరివి, 3 ముగ్గురివి అయితే 3 + 2 + 1, అంటే 6.

7. సహరచయితలు: ఇక్కడే పాయింట్లు పోతాయి

సైన్సు డిపార్ట్‌మెంట్లలో మొదటి పేరు అంటే ఎక్కువ పని చేసినవారు. ఆర్థికశాస్త్రంలో మొదటి పేరు అంటే ఎక్కువసార్లు ఇంగ్లీషు అక్షరమాలలో ముందున్నవారు, అంతే. ఈ సంగతి తెలియని కమిటీ "వీరు మూడో రచయిత కదా" అంటుంది.

యూజీసీ 2018 నిబంధనల పట్టికలో ఇద్దరు రాస్తే ఒక్కొక్కరికీ ఆ పేపరు పాయింట్లలో 70 శాతం. ఇద్దరికి మించితే మొదటి, ప్రధాన లేదా కరస్పాండింగ్ (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే) రచయితకు 70, మిగతావారికి తలా 30. అంటే 10 పాయింట్ల పేపరును ముగ్గురు సమానంగా రాస్తే, పేరు "ఎ"తో మొదలైనవారికి 7, "వై"తో మొదలైనవారికి 3. యెర్రమిల్లి, యార్లగడ్డ, వేమూరి వంటి ఇంటిపేర్లవారు ఏళ్ల తరబడి ఎంత నష్టపోతారో లెక్కేసుకోండి.

సరిచేసుకునే దారులు:

- పేపరు మొదలుపెట్టేటప్పుడే కరస్పాండింగ్ రచయిత ఎవరో మాట్లాడుకోండి. రెండు మూడు పేపర్లు కలిసి రాస్తుంటే వంతులు వేసుకోండి. మొహమాటపడితే తర్వాత అడగలేరు.
- ఎవరు ఏం చేశారో నాలుగు వాక్యాల ప్రకటన పేపరులోనే అచ్చు వేయించండి.
- పాత పేపర్లకు సహరచయితల సంతకాలతో "పేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి, శ్రమ సమానం" అనే ఉత్తరం తీసుకుని ఫైలులో పెట్టండి.
- దేబ్‌రాజ్ రే, ఆర్థర్ రాబ్సన్ 2018లో చెప్పిన పద్ధతి ఒకటుంది: పేర్ల వరుసను లాటరీ తీసి, తీసినట్టు తెలిసేలా పేర్ల మధ్య గుర్తు పెట్టడం. కుదిరితే వాడండి.

కమిటీలో ఉన్నవారికి ఒక మాట. అమెరికాలో ఆర్థికవేత్తలకు టెన్యూర్ (యూనివర్సిటీలో శాశ్వత ఉద్యోగం) దక్కడం మీద హెదర్ సార్సన్స్ చేసిన అధ్యయనంలో, కలిసి రాసినా ఒంటరిగా రాసినా పురుషులకు టెన్యూర్ అవకాశంలో తేడా రాలేదు. స్త్రీలకు మాత్రం కలిసి రాసిన పేపర్ల వాటా పెరిగేకొద్దీ అవకాశం తగ్గింది. "అసలు పని ఎవరిది?" అనే ప్రశ్న అడగాలనిపిస్తే అందరినీ అడగండి, లేదా ఎవరినీ అడగకండి.

8. ఎవరితో పోల్చాలి

అంకె ఒక్కటే ఉంటే అది ఎక్కువో తక్కువో తెలియదు. జెఈఎల్ కోడ్ చూడండి. "సి" అంటే గణిత, గణాంక పద్ధతులు, "ఎన్" అంటే ఆర్థిక చరిత్ర, "ఓ" అంటే అభివృద్ధి, "క్యూ" అంటే వ్యవసాయం, సహజ వనరులు. అందరూ వాడే ఒక గణాంక పద్ధతి కనిపెట్టినవారిని, నిజాం కాలపు భూమి శిస్తు మీద పనిచేసినవారిని ఒకే తక్కెడలో తూచడం అన్యాయం.

అదే కోడ్‌లో, మొదటి పేపరు వచ్చిన ఏడాదికి మూడేళ్లు అటూ ఇటూగా ఉన్న 8 లేక 10 మందిని ఎంచండి. అందరి అంకెలూ ఒకే చోట, ఒకే రోజు తీసుకోండి. సగటు వద్దు, మధ్యస్థం (అంకెలను వరుసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చేది) తీయండి. ఒక్క పెద్ద పేరున్నా సగటు ఎగిరిపోతుంది. రెపెక్‌లో మొదటి ప్రచురణ నుంచి 5, 10, 15, 20 ఏళ్లలోపు వారికి విడి ర్యాంకులున్నాయి, అవీ పనికొస్తాయి.

మూడేళ్ల లోపు పేపర్లకు సైటేషన్లు చూసి తీర్పు చెప్పకండి. వాటిని చదవండి.

9. జర్నల్ పేరు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్

"టాప్ ఫైవ్" అంటే అమెరికన్ ఎకనామిక్ రివ్యూ, ఎకనామెట్రికా, జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీ, క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్, రివ్యూ ఆఫ్ ఎకనామిక్ స్టడీస్. ఆంధ్రప్రదేశ్ బడుల్లో టీచర్లకు ప్రోత్సాహక వేతనం మీద కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ రాసిన పేపరు 2011లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో వచ్చింది. పైన చెప్పిన హైదరాబాద్ సూక్ష్మరుణాల పేపరు ఈ ఐదింటిలో దేంట్లోనూ రాలేదు. అయినా ఆ అంశం మీద ఎవరు రాసినా దాన్ని ఉదహరించకుండా ముందుకు పోలేరు. జర్నల్ స్థాయిని ఒక వివరంగా రాయండి, పేపరు విలువగా మాత్రం చూపకండి.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఒక జర్నల్‌లోని పేపర్లకు సగటున వచ్చే సైటేషన్లు) రాసేటప్పుడు జాగ్రత్త:

- అసలైనది క్లారివేట్ సంస్థ వారి జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో ఉంటుంది. యూజీసీ 2018 నిబంధనల్లో థామ్సన్ రాయిటర్స్ జాబితా అని ఉన్నది దీని గురించే. 2016లో అది చేతులు మారింది.
- జర్నల్ వెబ్‌సైటులో "గ్లోబల్", "యూనివర్సల్" అనే మాటలు తగిలించిన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కనిపిస్తే రాయకండి.
- రెండేళ్లది కాక ఐదేళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా ఇవ్వండి. మన సబ్జెక్టులో సైటేషన్లు ఆలస్యంగా వస్తాయి.
- యూజీసీ కేర్ అనే ఆమోదిత జర్నళ్ల జాబితాను 2025లో ఆపేశారు. పాత పేపరు అచ్చయిన నాటికి జర్నల్ ఆ జాబితాలో ఉందని చూపే ఆధారం దాచుకోండి.

10. నివేదికలో రాసే తీరు

అంకెలన్నీ ఒక చిన్న పేరాలో పట్టాలి. పై ఉదాహరణకు ఇలా ఉంటుంది:

"12 ఏళ్లలో 10 పేపర్లు, వాటా ప్రకారం 6. ఒకే పేపరు రూపాలన్నీ కలిపాక గూగుల్ స్కాలర్‌లో 158 సైటేషన్లు, సొంతవి తీసేస్తే 137. హెచ్-ఇండెక్స్ 6, యూక్లిడియన్ సూచీ 76. రెపెక్, స్కోపస్ అంకెలు జతపరిచిన పట్టికలో ఉన్నాయి. అన్నీ ఒకే తేదీన తీసుకున్నవి. రచయితల పేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి."

దాని కింద మీకు ముఖ్యమనిపించిన మూడు పేపర్ల గురించి తలా నాలుగు వాక్యాలు రాయండి: ఏం అడిగారు, ఏం తేలింది, దాన్ని ఎవరు ఎలా వాడుకున్నారు. ఏదైనా ప్రభుత్వ కమిటీ నివేదికో, రిజర్వ్ బ్యాంక్ పత్రమో ఉదహరించి ఉంటే పేజీ నంబరుతో సహా ఇవ్వండి. అలాంటివి వెతకడానికి ఓవర్టన్ అనే డేటాబేసు ఉంది. కమిటీ సభ్యులైతే ఈ మూడు పేపర్లనూ తెరిచి చదివాకే అంకెల దగ్గరికి రండి.

ఫైలు ఇచ్చే ముందు రోజు:

- సీవీలోని పేపర్ల సంఖ్య, షీటులోని వరుసల సంఖ్య ఒకటేనా?
- వేరేవాళ్ల పేపరు ఒక్కటైనా మిగిలిందా? ప్రొఫైల్ చివరిదాకా చూశారా?
- ప్రతి అంకె పక్కన చోటు, తేదీ ఉన్నాయా?
- స్క్రీన్‌షాట్లు, సహరచయితల ఉత్తరాలు జత అయ్యాయా?
- డీఓఐలన్నీ నొక్కితే తెరుచుకుంటున్నాయా?
- ఈ సబ్జెక్టుతో సంబంధం లేని సహోద్యోగి ఒకరు షీటు చూసి హెచ్-ఇండెక్స్ మళ్లీ లెక్కపెట్టారా? వారికీ అదే అంకె రావాలి. రాకపోతే నాలుగో అడుగుకు (ఒకే పేపరు రూపాలన్నీ కలపడం) వెళ్లండి, తప్పు ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.